రెండో అమ్మ

ఏడాదికి మూడిండ్లు రాసిచ్చిన్రు ఆ పిల్లకు.
మొదలు రైసుమిల్లు వాళ్లిల్లు, ఆఖరికి పిల్లల డాక్టరిల్లు.
నడుమ నాలుగు నెలలు మేము,
దేవరకొండల, బస్టాండెనుక సందుల.
క్లబ్బు మీటింగుల మా ఆయన చెయ్యెత్తొచ్చిండు,
నన్నడగకుంటనే.

ఫిన్లాండట. పేరు వెన్లా.
పదహారేండ్లు, చక్రాలూడిన పెట్టె,
మిల్లు వాళ్లింట్ల నేర్చిన రెండు మాటలు:
"మస్తుంది", "ఇగ చాలు".
నాకు ఇంగ్లీషు రాదు. నడుమ నా కొడుకు మధుకర్,
సగం చెప్తడు, సగం మింగుతడు.

వాళ్ల దేశంల చెరువులు లెక్కవెడితె ఒడవయట.
దోసిలి ముంచి తాగొచ్చట.
మా మామ ఇని ఊకున్నడు.
మా మామది మర్రిగూడ. ఆ బోరు నీళ్లకు
మెడ ఎన్నడో బిగుసుకపాయె,
పిలిస్తె మనిషి మనిషే తిరగాలె.
నాది చండూరు. నా పండ్ల మీద
తుప్పు లెక్క గీతలు.
అప్పటికింక కృష్ణ నీళ్లు మా నల్లాకు రాలే.

పిల్లొచ్చిన దినమే క్యాన్ మాట్లాడినం.
నీలం క్యాన్, మూత మీద ఎర్ర టేపు.
ఇవి నీయి అని చూపిచ్చిన.
మా బిందె దిక్కు అద్దని చెయ్యూపిన.
మడి అనుకున్నదో ఏమో, తలకాయ ఊపింది.

దినాం ఫొటోలు తీస్తది. పప్పు, పిల్లి, మామ చేతికర్ర.
ఒకనాడు అన్ని పరిచి అడిగింది,
ఈ ఇంట్ల ఒక్కరు గూడ పండ్లు కనవడంగ నవ్వరేందని.
మధుకర్ ఆ మాట మింగిండు.
నాకు సమజైంది.

ఇంకోనాడు టీవీల వంటామె,
ఉప్పు వేసి, పసుపు వేసి, కారం వేసి...
ఈ పిల్ల ఒకటే కిలకిల.
వెసి అంటె వాళ్ల భాషల నీళ్లట!
ఉప్పు నీళ్లు, పసుపు నీళ్లు, కారం నీళ్లు.
మేమైతె ఏసి అంటం గనీ, ఆ దినం
ఇద్దరం వేసి వేసి అనుకుంట
కడుపు నొచ్చెదాక నవ్వినం.
కొంగు అడ్డం పెట్టుకునుడు యాదికి రాలే.

మాఘమాసంల ఒక రాత్రి
వంటింట్ల చెంబు సప్పుడు.
పోయి చూస్తె మా బిందెల ముంచుకోని
గటగట తాగుతున్నది.
క్యాన్ నిండుగనే ఉన్నది.
నాకేమైందో.
చెంబు గుంజుకున్న. భుజం మీద ఒక్కటేసిన.
"నీకేం పుట్టింది, నీ పండ్లు జూస్కో, నా పండ్లు జూడు,
నీ అవ్వకు నేనేం జవాబియ్యాలె" అని
నోటికొచ్చినట్టు తిట్టిన, తెలుగుల, నోరు బార తెర్సి.
మామ మంచంల నుంచి మనిషి మనిషే తిరిగిండు.
ఆ పిల్ల ఏడ్వలే. నా నోట్లకే చూసుకుంట నిలవడ్డది.
అటెనుక మెల్లగ వచ్చి
నా భుజం మీద తలకాయ పెట్టింది.
అప్పటిదాక చుట్టమే.

నెలకొక కాయితం నింపాలె క్లబ్బుకు.
తిండి ఎట్ల, నడవడి ఎట్ల, ఏమన్న లొల్లి ఐందా.
మా ఆయన "ఏం రాయాల్నే" అంటె
ఏం లేదని రాయమన్న.

మార్చిల డాక్టరింటికి పోయింది.
నాలుగు సందులవతల, అంతే.
అక్కడ నీళ్ల మిషనున్నది గోడకు.
పోయేటప్పుడు ఒక ఫొటో ఇచ్చింది,
వేసి వేసి అన్ననాటిది. గీతలన్ని ఔపడుతున్నయ్.
బియ్యం డబ్బాల దాసిన.
దినాం గిద్దె ముంచినప్పుడల్ల తగుల్తది.

తెల్లారి క్యాన్ పిలగాడు ఆటో ఆపి
"అమ్మా, ఆ పిల్ల పోయిందట గద, ఇగ బంద్ చెయ్యాల్నా" అన్నడు.
గడప మీద మామ. ఎనుక బిందె.
"వేసి పో" అన్న.
వాడు నా దిక్కు వింతగ చూసిండు,
అట్ల మాట్లాడరు మా దిక్కు.